చెత్తకీ ఒక సార్టెక్స్ మిల్లు

పలాస నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "వాటర్ బాటిలూ, షాంపూ డబ్బా రెండూ ప్లాస్టిక్కే కదండీ, చెత్త వేరుచేసే మిషన్‌కి తేడా ఎలా తెలుస్తుంది?" ఎంత మంచి ప్రశ్న! జవాబు మన ఇంట్లో బియ్యం బస్తా మీదే ఉంది: సార్టెక్స్.

రైస్ మిల్లులో బియ్యం ఏరే ఆ సార్టెక్స్ మిషన్ దగ్గర కాసేపు నిలబడి చూడండి. వాలు గాడుల్లోంచి బియ్యం జలజలా జారుతుంటాయి. కెమెరా ఒక్కో గింజనీ చూస్తుంది. నల్లగింజో, మట్టిగడ్డో కనబడగానే సన్నటి గొట్టం టప్‌మని గాలి ఊదుతుంది, అది పక్కకి ఎగిరిపోతుంది. చేటలో పోసుకుని మా అమ్మ వేలితో ఏరిన పనే ఇది.

చెత్త కేంద్రంలో ఇనుముని అయస్కాంతం లాగేస్తుంది, అది అందరికీ తెలిసిందే. అసలు ముచ్చట ప్లాస్టిక్ దగ్గర. తెల్ల బాటిల్, తెల్ల డబ్బా వస్తే రంగు చూసి లాభం లేదు. అందుకే ఇక్కడి కెమెరా ఎరుపుకి అవతల ఉన్న పరారుణ వెలుగుని చూస్తుంది. బడిలో ఏడు రంగులూ వల్లె వేయించి ఎరుపు దగ్గర ఆపేస్తాం. వెలుగు అక్కడితో అయిపోయిందనుకుంటారు పిల్లలు. టీవీ రిమోట్‌ని ఫోన్ కెమెరా ముందు నొక్కించండి, కంటికి ఆనని మెరుపు చాలా ఫోన్లలో కనబడుతుంది.

వాటర్ బాటిల్ చేసే పెట్ ప్లాస్టిక్‌లో బెంజీన్ వలయాలుంటాయి, అంటే ఆరు కార్బన్ అణువులు ఉంగరంలా చేరినవి. వాటి కార్బన్-హైడ్రోజన్ బంధాలు 1660 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర పరారుణ వెలుగుని మింగుతాయి. షాంపూ డబ్బా పాలిథీన్‌లో ఆ వలయాలు లేవు, అది 1730 చుట్టుపక్కల మింగుతుంది. కెమెరా పట్టుకునేది ఆ తేడానే. ఆ వెంటనే గాలి టప్‌మంటుంది. చెత్తని మోసే బెల్టు సెకనుకి 3 మీటర్లు పరిగెడుతుంటే, ఒక్క మిల్లీసెకను ఆలస్యానికి డబ్బా 3 మిల్లీమీటర్లు జరిగిపోతుంది!

కలగాపులగం ప్లాస్టిక్‌కి పాత సామాన్ల కొట్లో ధర పలకదు. పెట్ ఒక్కటే బేళ్లు కడితే పాలియెస్టర్ దారానికి పనికొస్తుంది. అందులో పీవీసీ ముక్కలు కలిశాయా, కరిగించేటప్పుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లం వదిలి సరుకంతా పాడుచేస్తాయి. ఆముదాలవలస, రాజాం, బొబ్బిలి లాంటి ఊళ్లు ఎవరికి వారు ఇంత మిషన్ పెట్టుకోలేవు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకి కలిపి ఒకటి ఉండాలని గట్టిగా కోరుకుంటున్నాను. అలా అమ్ముడుపోయిన ప్లాస్టిక్ నాగావళిలో కొట్టుకుపోయి కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలవదు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తీరానికీ వస్తాయి.

ఈ మిషన్‌ని ఇబ్బంది పెట్టేవి రెండున్నాయి. ఒకటి తడి. నీరు కూడా 1450 దగ్గర వెలుగుని బాగా మింగుతుంది, సాంబారు అంటిన డబ్బా గురుతు మసకబారుతుంది. రెండోది నల్ల కవరు. దానికి రంగునిచ్చే కార్బన్ మసి పరారుణాన్ని దాదాపు మొత్తం మింగేస్తుంది. కెమెరాకి అక్కడ కవరు ఉన్నట్టే తెలియదు. చేపల బజారు నుంచి మనం తెచ్చుకున్న ఆ కవరు, గాలి గొట్టాలన్నీ దాటుకుని, పనికిరాని కుప్పలో పడుతుంది.