దూరపు బండి ప్రయాణాలకు అత్యవసర కిట్: అపోహలు – వాస్తవాలు

నల్లగొండ, మిర్యాలగూడ వైపు నుంచి డిండి మీదుగా శ్రీశైలం వెళ్లేవారు, చందంపేట, నేరేడుగొమ్ము మండలాల్లో కృష్ణా వెనుక జలాలు చూడటానికి వచ్చేవారు దేవరకొండలోని నా మరమ్మతు దుకాణం ముందు ఆగి గాలి చూపించుకోవడం, చైను బిగించుకోవడం వారాంతాల్లో మామూలే. వారి బండ్ల వెనుక కట్టిన సంచుల్లో అత్యవసర కిట్ పేరుతో ఎన్నో వస్తువులు కనిపిస్తాయి. అయితే దారి మధ్యలో బండి ఆగిపోయి నాకు ఫోన్ చేసినప్పుడు, ఆ సంచిలో ఉన్నదేదీ పనికిరాలేదన్న మాటే ఎక్కువగా వినవలసి వస్తోంది. జాగ్రత్త లేనివారు కారు వీరు. విన్న మాటను నమ్మి తప్పు వస్తువు కొన్నవారు.

అపోహ: "పంక్చర్ కిట్ కొన్నాను, ఇక టైరు గురించి దిగులు లేదు."

వాస్తవం: బజారులో పంక్చర్ కిట్ పేరుతో దొరికేది దాదాపు ఎప్పుడూ ట్యూబ్‌లెస్ టైరు కోసం తయారైనదే. చిల్లును సాఫు చేసే రీమర్, జిగురు పట్టీని లోపలికి నెట్టే కన్నమున్న సూది, కొన్ని పట్టీలు, ఒక చిన్న సొల్యూషన్ (రబ్బరు జిగురు) గొట్టం, కట్టర్ అందులో ఉంటాయి. లోపల ట్యూబు ఉన్న టైరుకు వీటిలో రీమరూ, సూదీ, పట్టీలూ ఏమాత్రం ఉపయోగపడవు. పట్టీ టైరుకు పడిన చిల్లును మూస్తుంది, కాని గాలిని నిలిపేది లోపలి ట్యూబు కనుక దాని చిల్లు అలాగే మిగులుతుంది. పైగా రీమర్‌ను లోపలికి దించి తిప్పితే, చిన్న అతుకుతో పోవలసిన చిల్లు అతుకు వేయడానికి వీలులేనంత పెద్దదవుతుంది.

ఈ మాట చెప్పిన వెంటనే చాలామంది తమ టైరు పక్క గోడను చూపించి, దాని మీద ట్యూబ్‌లెస్ అని రాసి ఉందంటారు. ఆ అక్షరాలు టైరు గురించి చెబుతాయి గాని చక్రం గురించి చెప్పవు. పుల్లల (స్పోకుల) చక్రంలో ప్రతి పుల్లా రిమ్ములోకి దూరే చోట ఒక రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రాల గుండా గాలి పోతుంది కనుక, పైన వేసినది ట్యూబ్‌లెస్ టైరే అయినా లోపల ట్యూబు వేయక తప్పదు. గాలి పోకుండా ప్రత్యేకంగా రూపొందించిన పుల్లల చక్రాలు కొన్ని ఖరీదైన బండ్లకు వస్తున్నాయి, కాని మన రోడ్ల మీద కనిపించే పుల్లల చక్రాలలో ఎక్కువ భాగం ట్యూబువే. అల్లాయ్ చక్రం ఉంటే తప్పకుండా ట్యూబ్‌లెస్ అనుకోవడం కూడా సరికాదు. పాత 100, 125 సీసీ బండ్లలో అల్లాయ్ చక్రాల్లోనూ ట్యూబులు వేసినవి ఉన్నాయి. వాల్వు పొడవునా మరలున్న లోహపు కాడగా ఉండి, రిమ్ముకు ఆనుకొని దానికి సన్నని నట్టు ఉంటే లోపల ట్యూబు ఉండే అవకాశమే ఎక్కువ. అనుమానం తీరకపోతే బండితో వచ్చిన పుస్తకం చూడండి, లేదా ప్రయాణానికి ముందే మీ మెకానిక్‌ను అడగండి.

ఒక సాయంత్రం నేరేడుగొమ్ము దాటిన తర్వాత బండి ఆగిపోయిందని ఇద్దరు యువకులు ఫోన్ చేశారు. "అన్నా, సూది గుచ్చి పట్టీ పెట్టినం, గాలి కొడితే నిలుస్తలేదు" అన్నది వారి ఫిర్యాదు. "చక్రానికి పుల్లలున్నయా తమ్మీ?" అని అడిగితే ఉన్నాయన్నారు. అప్పుడే సంగతి అర్థమైంది. నేను వెళ్లేసరికి ఒకే చిల్లులో వరుసగా కుక్కిన పట్టీల కొసలు టైరు బయటికి వేలాడుతున్నాయి. టైరు విప్పి చూస్తే ట్యూబులో బొటనవేలు దూరేంత చీలిక ఉంది. అసలు కారణం సర్కారు తుమ్మ ముల్లు. అది బయటివైపు టైరు మట్టానికి విరిగిపోయి, లోపలివైపు గోరంత మొన మాత్రమే మిగిలి ఉంది. మొదటే టైరు విప్పి ట్యూబుకు అతుకు వేసి ఉంటే, వారు చీకటి పడకముందే ఊరు చేరేవారు. ఆ పిల్లలు ఎంతో భయపడి ఉన్నారు, వారిని తప్పుపట్టవలసిన పని లేదు. ట్యూబు బండికి ట్యూబ్‌లెస్ కిట్ అమ్మినవారైనా, కొనమని సలహా ఇచ్చినవారైనా ముందు ఆ చక్రం వైపు ఒక్కసారి చూసి ఉండవలసింది.

ట్యూబు బండికి కావలసినవి వేరు. సరైన కొలత ట్యూబు ఒకటి, రెండు లేదా మూడు టైరు లివర్లు (టైరు అంచును రిమ్ము నుంచి ఎత్తే కడ్డీలు), ముందు వెనుక చక్రాల యాక్సిల్ (ఇరుసు) నట్లకు సరిపోయే పానాలు, అతుకులు, సొల్యూషన్, గరుకు కాగితం, వాల్వు పిన్ను విప్పే చిన్న తాళం, గాలి పంపు ఉండాలి. ముందు వెనుక చక్రాల కొలతలు వేరై, ఒక్క ట్యూబుకే చోటు ఉంటే ముందు చక్రానిది తీసుకెళ్లండి. అవసరమైతే దాన్ని వెనుక చక్రంలో వేసుకొని నెమ్మదిగా దగ్గరి ఊరు చేరవచ్చు. సీటు కింద కంపెనీ ఇచ్చిన పానాల సంచిలో వెనుక యాక్సిల్‌కు సరిపోయే పానా ఉంటుందని నమ్మవద్దు, ఇంటి దగ్గరే నట్టుకు పెట్టి చూడండి. రిమ్ముకు అంటుకుపోయిన టైరు అంచును ఊడదీయడానికి చేతిబలం చాలకపోతే, చక్రాన్ని నేల మీద పడుకోబెట్టి, టైరు అంచు మీద మరో బండి పక్క స్టాండు ఆనించి ఆ బండిని మెల్లగా స్టాండు మీదికి వంచితే అంచు దిగుతుంది. డబుల్ స్టాండు లేని బండ్లు ఇప్పుడు ఎక్కువయ్యాయి కనుక, చక్రం పైకి లేపడానికి కింద రాయి పెట్టాలా, మరో మనిషి పట్టుకోవాలా అన్నది కూడా ముందుగానే ఆలోచించుకోవాలి.

కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపలి గోడ అంతా ఒక గుడ్డతో మెల్లగా తుడవండి. ముల్లు గాని మేకు గాని మిగిలి ఉంటే గుడ్డ దారం దానికి తట్టుకుంటుంది. వట్టి వేలితో వెతికితే వేలు తెగుతుంది. ఈ ఒక్క పని మరచిపోయి, కొత్త ట్యూబు కూడా అదే ముల్లుకు పోగొట్టుకున్నవారు చాలామంది ఉన్నారు. ట్యూబులో కొద్దిగా గాలి నింపి గుండ్రంగా నిలిచాకే లోపల అమర్చాలి. చదునుగా ఉన్న ట్యూబు లివరుకూ రిమ్ముకూ మధ్య నలిగి చిల్లు పడుతుంది. అతుకు వేసేటప్పుడు గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, తడి పోయి వేలికి జిగటగా తగిలేదాకా ఆగిన తర్వాతే అతుకు నొక్కాలి. తడి మీద అంటించిన అతుకు ఊడి వస్తుంది. సొల్యూషన్ గొట్టం ఒకసారి మూత తీశాక కొద్ది నెలల్లో ఎండిపోతుంది కాబట్టి, ప్రతి దూర ప్రయాణానికీ కొత్తది కొనడం మేలు. దాని ఖరీదు ఒక టీ ఖరీదుకు మించి పెద్దగా ఉండదు.

నిజంగా ట్యూబ్‌లెస్ చక్రాలే ఉన్నవారు చేసే పొరపాటు మరొకటి. పట్టీ వేయడం నేర్చుకుంటారు, గాలి గురించి మరచిపోతారు. మేకు పీకి, రీమర్ తిప్పి, పట్టీ దించేసరికి టైరులో గాలి ఉండదు. చేతి పంపు గాని, కాలి పంపు గాని, బండి బ్యాటరీతో నడిచే చిన్న పంపు గాని ఉంటే తప్ప ఆ మరమ్మతు పూర్తికాదు. 16 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గుళిక ఒక్కటి పెద్ద బండి వెనుక టైరును పూర్తిగా నింపలేదు, కనుక వాటినే నమ్ముకునేవారు ఒకటికి మించి ఉంచుకోవాలి. చేతి పంపుకు ఎక్కువసేపు శ్రమపడాలి గాని, అందులో గాలి అయిపోవడమన్నది ఉండదు. పట్టీ నేలను తాకే భాగంలోని చిల్లుకే వేయాలి, టైరు పక్క గోడ చీలితే వేయకూడదు. ఇక ముందుగా టైరులో పోసుకునే సీలెంట్ ద్రవం చిన్న చిల్లులను ఆపగలదు, పెద్ద చీలికను ఆపలేదు; అది కిట్‌కు తోడే గాని బదులు కాదు.

ఇవన్నీ ఇంటి ముందు ఒకసారి స్వయంగా చేసి చూడకుండా బయలుదేరవద్దని నేను అందరినీ బతిమాలుతున్నాను. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోయే శ్రీశైలం రహదారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను అనుమతించరు. సాయంత్రం ఆలస్యంగా మన్ననూరు చెక్‌పోస్టు దాటినవారికి మధ్యలో పంక్చర్ పడితే, టైరు ఎలా విప్పాలో తడుముకుంటూ నేర్చుకునే వ్యవధి అక్కడ ఉండదు.

అపోహ: "సిగ్నల్ లేకపోయినా 112కు ఫోన్ పోతుంది."

వాస్తవం: ఈ వదంతిని ఎవరు ప్రచారం చేస్తున్నారో గాని, దీన్ని నమ్మి అడవిలోకి వెళ్లేవారిని చూస్తే ఆందోళన కలుగుతుంది. మీ సిమ్ము కంపెనీ టవరు అందకపోయినా వేరొక కంపెనీ టవరు అందుతుంటే 112 అత్యవసర కాల్ దాని ద్వారా వెళ్లగలదు. ఏ కంపెనీ టవరూ అందని చోట అది కూడా వెళ్లదు. నల్లమలలో అటువంటి చోట్లు ఉన్నాయి. అందుచేత అడవిలోకి ప్రవేశించే ముందు, ఎన్ని గంటలకు అడవి అవతల శ్రీశైలం వైపున్న దోమలపెంట చేరగలరో, ఆ సమయం దాటి ఎంతసేపు వేచి చూడాలో ఇంట్లో ఒకరికి సందేశం పంపండి. "మా వాడి ఫోన్ పోతలేదు, ఏమన్నా ఎరుకైతే చెప్పు నాయనా" అని ఒక తల్లి నా దుకాణానికి ఫోన్ చేసి ఏడిస్తే, ఆమెకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. పిల్లవాడు సిగ్నల్ లేని చోట క్షేమంగానే ఉన్నాడని తర్వాత తెలిసింది, కాని ఆ కొన్ని గంటలు ఆమె పడిన బాధను ఒక్క సందేశం తప్పించి ఉండేది. బండి చెడితే రోడ్డు వదిలి నడవకండి, బండి దగ్గరే ఉండండి. అటుగా వచ్చే ఆర్టీసీ బస్సు ఆపి, కిలోమీటరు రాయి మీది అంకె, మీ పేరు, ఇంటి ఫోన్ నంబరు రాసిన చీటీ ఇచ్చి, ముందున్న చెక్‌పోస్టులో అందజేయమని అడగండి. ఇందుకు ఒక కలం, చిన్న పుస్తకం కిట్‌లో ఉండాలి.

అపోహ: "దూది, డెటాల్, బ్యాండ్ ఎయిడ్ ఉంటే ప్రథమ చికిత్స పెట్టె పూర్తయినట్టే."

వాస్తవం: అవి గీరుకున్న గాయాలకు సరిపోతాయి. బండి మీద నుంచి పడినవారికి ముందుగా ప్రమాదం రక్తం పోవడం వల్ల వస్తుంది. మందపాటి గాజ్ (గాయం మీద పెట్టే శుభ్రమైన నూలు) గుడ్డలు, వెడల్పాటి కట్టు గుడ్డలు, క్రేప్ బ్యాండేజీ, చేతి తొడుగులు, బట్ట కత్తిరించే కత్తెర కావాలి. గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకోవాలి; ఆగిందేమోనని మాటిమాటికి ఎత్తి చూడకూడదు; గుడ్డ తడిస్తే దాన్ని తీయకుండా పైన మరొకటి వేయాలి. దూది నూగు గాయానికి అంటుకుంటుంది కనుక నేరుగా పెట్టకూడదు. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు. ఊపిరికి అడ్డం లేనంతవరకు హెల్మెట్ లాగవద్దు.

అపోహ: "పాము కాటుకు బిగించి కట్టడానికి తాడు, కోయడానికి బ్లేడు దగ్గర ఉండాలి."

వాస్తవం: ఆ రెండూ కిట్‌లోంచి తీసివేయండి. కోయడం, నోటితో పీల్చడం, బిగించి కట్టడం మేలు చేయకపోగా హాని చేస్తాయి. ఉంగరాలు, గడియారం తీసి, కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకుపోవాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరలతో పాటు చిన్న పింజరి విషానికి కూడా మన దేశంలో వాడే విరుగుడు మందు ఒక్కటే కనుక, పామును చంపి వెంట తీసుకురావలసిన అవసరం లేదు.

అపోహ: "కొత్త బండి, సర్వీసింగ్ అయింది, విడిభాగాలు ఎందుకు?"

వాస్తవం: క్లచ్ వైరు కొత్త బండిలోనూ తెగుతుంది. కొత్త వైరును పాత వైరు పక్కనే ముందుగా అమర్చి, రెండు కొసలు కట్టి ఉంచితే, తెగినప్పుడు మార్చడం నిమిషాల పని. దానితో పాటు ఫ్యూజులు, ఒక స్పార్క్ ప్లగ్గు, తెగిన చైను కొసలను కలపడానికి మీ చైనుకు సరిపోయే చైన్ లాకు, ఇన్సులేషన్ టేపు, తలకు కట్టుకునే టార్చిలైటు చాలు. ఫోన్ లైటు వాడితే ఒక చెయ్యి దానికే సరిపోతుంది.

అపోహ: "నీళ్ల సీసాలో రెండు లీటర్ల పెట్రోలు ఉంటే ధైర్యం."

వాస్తవం: అది ధైర్యం కాదు, నిప్పు. పల్చని ప్లాస్టిక్ సీసా ఎండకు ఉబ్బి కారుతుంది. అడవిలోకి పోయే ముందు ట్యాంకు నిండుగా నింపుకోండి.

అపోహ: "ఎండలో ఓఆర్ఎస్ పొడి కొంచెం నీళ్లలో కలిపి తాగినా చాలు."

వాస్తవం: పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీటిలో కలపాలి, తక్కువ నీటిలో చిక్కగా కలిపి తాగితే మేలుకు బదులు కీడు జరగవచ్చు. వేసవిలో మన నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కనుక, ఆ లీటరు నీళ్లు తాగునీటికి అదనంగా ఉండాలి.

అపోహ: "పడిపోయినవారిని ఆసుపత్రికి చేరిస్తే మన మీద కేసు అవుతుంది."

వాస్తవం: కాదు. సుప్రీంకోర్టు 2016లోనే సాయం చేసేవారికి రక్షణ కల్పించే మార్గదర్శకాలను ఆమోదించింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ చేరింది. మంచి మనసుతో సాయం చేసినవారు పేరు, చిరునామా ఇవ్వకపోయినా బలవంతం చేయకూడదు. 108కు ఫోన్ చేయండి, అది రాలేని చోట ఏ వాహనం దొరికితే ఆ వాహనంలో తీసుకుపోండి.

అపోహ: "కిట్ మొత్తం ఒకే సంచిలో భద్రంగా ఉండాలి."

వాస్తవం: గుంపుగా వెళ్లేటప్పుడు కిట్ ఒక్క బండి మీదే ఉంటే, ఆ బండి ముందుకు పోయాక వెనుక పడినవారికి ఏమీ మిగలదు. గాలి పంపు, లివర్ల వంటి బరువైనవి పంచుకోవచ్చు గాని, కట్టు గుడ్డలు, నీళ్లు, టార్చిలైటు ప్రతివారి దగ్గరా ఉండాలి. కట్టు గుడ్డలు సంచి అడుగున కాకుండా, తాళం తీయకుండానే చెయ్యి అందే చోట పెట్టండి. రక్త వర్గం, పడని మందుల పేర్లు, రోజూ వాడే మందులు, ఇంటివారి ఫోన్ నంబర్లు రెండు ఒక కాగితం మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి, తడవకుండా చిన్న ప్లాస్టిక్ కవరులో మడిచి, బండి సంచిలో కాకుండా ఒంటి మీది జాకెట్ లోపలి జేబులో పెట్టుకోండి.