సకురా పూసిందని వంగనారు నాటకండి: జపాన్‌లో ఇంటి తోట అపోహలు, వాస్తవాలు

ఏటా మార్చి ఆఖరి వారం నుంచి నా ఫోన్‌కి ఫోటోలు మొదలవుతాయి. సకురా (చెర్రీ) చెట్టు కింద పిల్లలతో దిగిన ఫోటో ఒకటి, దాని వెనకే బాల్కనీలో కొత్త కుండీ ఫోటో ఒకటి. పది రోజులకి అదే కుండీ మళ్ళీ వస్తుంది. ఈసారి వంగ ఆకులు ఊదారంగుకి తిరిగి, ముడుచుకుని ఉంటాయి. కింద ఒకటే ప్రశ్న: "అన్నయ్యా, ఏం మందు కొట్టాలి?"

మందు అక్కర్లేదమ్మా. దానికి చలేస్తోంది, అంతే.

ఎదోగావా నదికి చిబా వైపున ఒక అద్దె తోటలో పదకొండేళ్ళుగా సలహాలు చెప్పే పని చేస్తున్నాను. నేలని చిన్న చిన్న మడులుగా విడగొట్టి ఏడాది లెక్కన అద్దెకిస్తారు. నదికి అవతల, టోక్యో వైపు నిషికసాయ్ చుట్టుపక్కల మనవాళ్ళు ఎక్కువ కాబట్టి, శని ఆదివారాల్లో మా తోటలో తెలుగు మాట బాగానే వినిపిస్తుంది. వచ్చినవాళ్ళలో సగంమంది మొదటి ఏడాదే విసిగిపోయి మానేస్తున్నారు. ఎక్కువమందికి కారణం ఒక్కటే, అందుకే దాని గురించే ఎక్కువ చెప్తాను. మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: సకురా పూసింది, షాపులో నారు వచ్చింది, అంటే నాటే టైమ్ వచ్చినట్టే.

టోక్యోలో సకురా సాధారణంగా మార్చి 24 ప్రాంతంలో విచ్చుకుంటుంది. ఆ నెల సగటు ఉష్ణోగ్రత తొమ్మిదిన్నర డిగ్రీలు కూడా దాటదు. ఏప్రిల్‌లో 14, మేలో 19, జూన్‌లో 22 దగ్గర ఉంటుంది. బెండ గింజ చక్కగా మొలవాలంటే మట్టి వేడి 25 నుంచి 30 డిగ్రీలు ఉండాలి. వంగ గింజకీ అంతే. ఈ రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి, ఏప్రిల్ మొదటివారంలో బెండ వేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

గాలి వెచ్చగా ఉంటే మట్టి కూడా వెచ్చగా ఉన్నట్టే అనుకుంటాం. కాదు. మధ్యాహ్నం స్వెట్టర్ తీసేసే ఎండ కాసినా, రాత్రికి ఎనిమిది డిగ్రీలకి పడిపోతే పది సెంటీమీటర్ల లోతున మట్టి చల్లగానే ఉంటుంది. ఆ చల్లటి తడిలో గింజ నీళ్ళు తాగి ఉబ్బుతుంది గానీ, మొలకెత్తడానికి కావలసిన వేడి అందదు. నానుతూ నానుతూ బూజు పట్టి కుళ్ళిపోతుంది. మొలక రాలేదని మనం ఇంకో చెంబు నీళ్ళు పోస్తాం. కుళ్ళు ఇంకా పెరుగుతుంది. ఇక నారు నాటినవాళ్ళ సంగతి: చల్లటి మట్టిలో వేరు కదలదు, భాస్వరం తీసుకోలేదు. ఆ ఊదారంగు అందువల్లే. అది తెగులు అనుకుని వేపనూనె కొట్టేవాళ్ళు కొందరు, ఎరువు సరిపోలేదని ఇంకో గుప్పెడు వేసేవాళ్ళు కొందరు. పాపం ఆ మొక్క రెండూ భరించలేదు.

షాపువాళ్ళని తప్పు పట్టడానికీ లేదు. మార్చి చివర్లో వచ్చే నారు ప్లాస్టిక్ టన్నెల్ ఉన్నవాళ్ళ కోసం, గ్రీన్‌హౌస్ ఉన్నవాళ్ళ కోసం. ఆ మాట కుండీ మీద రాసి ఉండదు. అంటు కట్టిన వంగనారు ఒక్కోటి 300 యెన్‌ల పైమాటే. ఒకసారి చచ్చిపోతే మళ్ళీ కొంటారు, అదీ పోతే మూడోసారి కొనరు. "నా హస్తవాసి మంచిది కాదు అన్నయ్యా" అంటారు. ఆ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. కొత్తగా పెళ్ళయి వచ్చి, భాష రాక, భర్త ఆఫీసుకి వెళ్ళాక ఆ చిన్న గదిలో ఒంటరిగా ఉండే అమ్మాయికి ఆ కుండీ చిన్న విషయం కాదు. అది చచ్చిపోతే తనలోనే ఏదో లోపం ఉందనుకుంటుంది. లోపం తేదీలో ఉందమ్మా, నీలో కాదు.

నేనూ అదే తప్పు చేశాను. మాది తెనాలి దగ్గర పల్లె. మా నాన్న ఆకాశం చూసి విత్తేవాడు. వాన పడిందా, పదును ఉందా, అదే లెక్క. మట్టి చల్లగా ఉండి గింజ మొలవకపోవడం అనేది మా ఇంట్లో ఎవరికీ ఊహకి కూడా రాని విషయం. రోళ్ళు పగిలే రోహిణి ఎండలో పెరిగినవాణ్ణి. ఇక్కడికి వచ్చిన మొదటి వసంతంలో, ఏప్రిల్ 6న, పన్నెండు వంగ మొక్కలు నాటాను. పక్క మడి ఎనభై దాటిన పెద్దాయనది. ఆయన తన మడిలో ఒక్క మొక్క కూడా పెట్టకుండా నల్ల ప్లాస్టిక్ షీటు పరిచి ఊరుకున్నాడు. నా మొక్కలు చూసి, వంగి, అరచెయ్యి మట్టికి ఆనించి "మదా హయాయ్" అన్నాడు. ఇంకా తొందరే అని. నేను నవ్వి తల ఊపాను గానీ మాట వినలేదు.

ఆయన మే 5న నాటాడు. జూన్ ఆఖరుకి ఆయన మొక్కలు నా నడుం ఎత్తు వచ్చాయి. నావి మోకాలి దగ్గరే ఆగిపోయాయి, పూత వచ్చినా నిలవలేదు. నెల ముందు నాటిన నేను నెల వెనకబడ్డాను. జూలైలో ఒకరోజు ఆయనే న్యూస్‌పేపర్‌లో చుట్టి ఎనిమిది వంకాయలు చేతిలో పెట్టి, ఓసుసోవాకే అన్నాడు. ఉన్నదాంట్లో మీకూ కొంచెం అని అర్థం. ఇక్కడి వంకాయకి తోలు పలచన, గింజ తక్కువ, గుత్తివంకాయకి భలేగా ఉంటుంది. ఆ రాత్రి మా ఇంట్లో అదే కూర.

ఇక్కడి రైతులకి ఒక పాత లెక్క ఉంది. ఫిబ్రవరి మొదటివారంలో వచ్చే వసంతారంభం నుంచి ఎనభై ఎనిమిదో రోజు, అంటే మే 1 లేదా 2. ఆ రోజుల్లో పడేదాన్ని వీడ్కోలు మంచు అంటారు, ఇక ఆ తర్వాత మంచు భయం ఉండదని. టోక్యో, చిబా వైపు ఉన్నవాళ్ళు వంగ, టమాటా, మిరప నారు గోల్డెన్ వీక్‌లో (ఏప్రిల్ చివర, మే మొదట్లో వచ్చే సెలవులు) గానీ ఆ తర్వాత గానీ నాటండి. బెండ గింజ మే మధ్యలో వెయ్యండి. బెండకి తల్లివేరు లోతుగా దిగుతుంది, పీకి నాటితే అలుగుతుంది కాబట్టి ఎక్కడ పెరగాలో అక్కడే గుంటకి నాలుగు గింజలు వేసి, మూడు నాలుగు మొక్కల్ని కలిపే పెంచండి. కాయలు నిదానంగా ముదురుతాయి. ఉత్తరాన సెందాయ్‌లో ఉన్నవాళ్ళు ఇంకో వారం పది రోజులు ఆగాలి. ఇంకా ఉత్తరాన ఉన్న సప్పోరో వాళ్ళకి మే చివర, జూన్ మొదలు.

అంతదాకా ఆగలేను అంటారా? నల్ల షీటు రెండు వారాల ముందే పరిచి మట్టిని వెచ్చబెట్టండి. మొక్క చుట్టూ నాలుగు పుల్లలు గుచ్చి, అడుగూ పైనా కోసిన ఖాళీ ఎరువుల సంచి తొడగండి. జపాన్ తోటల్లో దీన్ని అందోన్ అంటారు, పాతకాలపు కాగితం దీపంలా కనిపిస్తుంది కాబట్టి. అన్నిటికంటే ముందు మట్టిలో గుచ్చే థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. పొద్దున తొమ్మిదింటికి పది సెంటీమీటర్ల లోతున వరసగా మూడు రోజులు 18 చూపిస్తే నారు నాటొచ్చు. మన టెర్రస్ గార్డెన్ వీడియోల్లో ఫిబ్రవరిలోనే బెండ వెయ్యమని చెప్తారు. హైదరాబాద్ మేడ మీద అది సరైన సలహానే. దాన్ని వాట్సాప్‌లో టోక్యో గ్రూపుకి ఫార్వర్డ్ చేసేవాళ్ళతోనే నాకు తంటా. ఏ ఊరికి చెప్పిన మాటో చూడకుండా దయచేసి పంపకండి.

శరదృతువులో ఇదే తప్పు తలకిందులుగా జరుగుతుంది. ఆగస్టు ఎండలో ముల్లంగి ఏంటి, సెప్టెంబరు చివర్లో చూద్దాంలే అని వదిలేస్తారు. ఇక్కడ దైకోన్ ముల్లంగి విత్తేది ఆగస్టు చివరి నుంచి సెప్టెంబరు మధ్య దాకా. ఒక్క రోజు ఆలస్యమైతే కోతలో వారం ఆలస్యం అని పెద్దలంటారు. నేను చూసినంతలో అది నిజం. అక్టోబరు నుంచి మట్టి రోజురోజుకీ చల్లబడుతుంది, గడ్డ ఊరే టైమే దొరకదు.

అపోహ: సూట్‌కేసులో నాలుగు గింజల ప్యాకెట్లు, ఒక కరివేపాకు పిలక తెచ్చుకుంటే ఎవరికి నష్టం?

తేకండి. 2018 అక్టోబరు నుంచి, చేతి సామానులో తెచ్చే విత్తనాలకి కూడా మన దేశపు ప్లాంట్ క్వారంటైన్ అధికారులు తెగుళ్ళు, పురుగులు లేవని ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. లేకపోతే ఎయిర్‌పోర్టులోనే పారేస్తారు. మట్టి అంటుకున్నవి అసలే పనికిరావు. కరివేపాకు సంగతి ఇంకా గట్టిది. నిమ్మజాతి చెట్లని చంపే గ్రీనింగ్ తెగులు మోసే పురుగు దాని మీద బతుకుతుంది. ఆ మొక్కని జపాన్‌దే అయిన ఒకినావా దీవి నుంచి కూడా మామూలుగా ఈ ప్రధాన దీవులకి తేనివ్వరు. ఎహిమే, వకయామా, షిజుఒకాల్లో మికన్ నారింజ మీద బతికే రైతులెందరో ఉన్నారు. చలికాలంలో కోతత్సులో (కింద హీటర్ ఉండే దుప్పటి బల్ల) కాళ్ళు పెట్టుకుని మనం ఒలుచుకు తినే మికన్ వాళ్ళదే. అమ్మ చేతి మొక్క అని తెచ్చుకుంటారని నాకు తెలుసు, ఆ ఆశని తప్పు పట్టను. కానీ ఇక్కడి నర్సరీల్లోనే కరివేపాకు మొక్కలు అమ్ముతున్నారు, అవి కొనుక్కోండి.

కొన్న మొక్క చలికాలంలో ఆకంతా రాల్చేస్తే చచ్చిపోయిందని పారేయకండి, ఇదీ పెద్ద అపోహే. పది డిగ్రీల కిందకి పోకముందే లోపల కిటికీ దగ్గర పెట్టండి, నీళ్ళు బాగా తగ్గించండి. చలికాలంలో కరివేపాకుని చంపేది చాలాసార్లు చలి కాదు, మనం పోసే నీళ్ళే. మేలో చిగురేస్తుంది.

అపోహ: గోంగూర ఇక్కడ పెరగదు.

పెరుగుతుంది. రోజెల్ అనే పేరుతో గింజలు దొరుకుతాయి, అది మన ఎర్ర గోంగూరే. మే 20 దాటాక వేస్తే జూలై, ఆగస్టుల్లో తుంచిన కొద్దీ కొమ్మలేస్తుంది. పగలు తగ్గాక పూతకి వస్తుంది, నవంబరు చలికి ఆగిపోతుంది. పులుసుకీ పచ్చడికీ మూడు నెలలు ఢోకా లేదు.

ఇంకో మాట. పాలకూర దొరకలేదని దిగులుపడే టోక్యో ఎదోగావా వార్డు వాళ్ళు తమ సొంత ఆకుకూరని మర్చిపోతున్నారు. కొమాత్సునా అనే పేరు అక్కడి కొమాత్సుగావా నుంచి వచ్చిందే. 1719లో అప్పటి పాలకుడు షోగున్ యోషిమునె వేటకి వచ్చి తిని ఆ పేరు పెట్టాడని చెప్పుకుంటారు. వేసవిలో నెల రోజుల్లో కోతకొస్తుంది, బాల్కనీ ప్లాంటర్‌లో చాలు. పప్పులో వేస్తే పాలకూర కంటే నాకదే ఇష్టం, కాడ కాస్త కరకరలాడుతుంది.

చిన్నచిన్నవి కొన్ని. కాఫీ పొడి మిగులు నేరుగా కుండీలో వెయ్యకండి, పచ్చి పొడి మొక్క ఎదుగుదలని ఆపేస్తుంది, కంపోస్టులో కలిపి కుళ్ళాకే వెయ్యండి. వానలు ఎక్కువ కాబట్టి ఇక్కడి నేల పులుపెక్కుతుంది, నిజమే. డోలమైట్ సున్నం చదరపు మీటరుకి 100 నుంచి 150 గ్రాములు, నాటడానికి రెండు వారాల ముందు చాలు. షాపులో కొన్న కుండీ మట్టికి సున్నం అక్కర్లేదు, అది ముందే కలిపి ఇస్తారు. బాల్కనీలో పక్కింటికీ మనకీ మధ్య ఉండే పలచటి పలక ముందు, కింద అంతస్తుకి దిగే హ్యాచ్ మూత మీద ఒక్క కుండీ కూడా పెట్టకండి. మంటలొస్తే పిల్లల్ని తీసుకుని బయటపడే దారి అదే. పాత మట్టిని చెత్తబండి చాలాచోట్ల తీసుకోదు. పారేసే టెన్షన్ ఎందుకు? వేర్లు జల్లించేసి, తడిపి, నల్ల సంచిలో కట్టి ఆగస్టు ఎండలో పెట్టి, కంపోస్టు కలిపి మళ్ళీ వాడుకోండి. అయితే టమాటా పెరిగిన మట్టిలో మళ్ళీ వంగో మిరపో వెయ్యకండి, అవన్నీ ఒకే కుటుంబం.

కొనుక్కోవడమే చౌక అంటారు. ఇది అపోహ కాదు, నిజమే. ఊరి చివర పొలాల దగ్గర మనిషి లేని చిన్న గూడులో కూరగాయలు పెట్టి ఉంటాయి, డబ్బాలో 100 యెన్‌లు వేసి తీసుకోవడమే. ఆ ధరకి మనం పండించలేం. కానీ ఎదమామే (పచ్చి సోయా చిక్కుడు) రుచి తెలియాలంటే పొయ్యి మీద నీళ్ళు మరగబెట్టి అప్పుడు కోతకి వెళ్ళమంటారు ఇక్కడి పెద్దలు. కోసిన క్షణం నుంచి తీపి తగ్గిపోతుందని. ఆ రుచి ఏ షాపులోనూ దొరకదు. వేసవి సెలవుల్లో పొద్దున ఆరున్నరకి పార్కులో రేడియో వ్యాయామం అయిపోయాక మా అబ్బాయి నేరుగా తోటకి వచ్చి, బకెట్ నీళ్ళలో తేలుతున్న టమాటా తీసి చొక్కా తడిసేలా కొరుక్కుతింటాడు. వాడికి జపాన్ అంటే అదే.

మా తోటలో ఇప్పుడు నా వెనక మడి ఒక పెద్దావిడది. రెండేళ్ళ కింద ఆమెకి గోంగూర పచ్చడి చిన్న సీసాలో ఇచ్చాను, వేడన్నంలో తినమని చెప్పి. మర్నాడు వచ్చి, ఉమెబోషిలా (ఇక్కడి ఉప్పులో ఊరేసిన పుల్లటి పండు) పుల్లగా ఉంది, కానీ ఆకుతో ఇంత పులుపు ఎలా వచ్చిందని ఆ ఆకు చూపించమంది. గింజలు అడిగి తీసుకుంది. ఈ ఏడాది ఆమె మడిలో రెండు వరసలు గోంగూరే. ఏప్రిల్‌లో ఎండ బాగా కాసిన వారం "ఇప్పుడు వేసేస్తారా?" అని అడిగాను. అరచెయ్యి మట్టికి ఆనించి చూసి, తల అడ్డంగా ఊపింది. మే 21న విత్తింది.