ఏ ఐ7? గేమింగ్ పీసీ పార్టుల మీద అపోహలు - వాస్తవాలు

"ప్రాసెసర్ ఐ7 అన్నా, అయినా గేమ్ ఆగి ఆగి ఆడుతోంది." పీసీలు అసెంబుల్ చేసే నా పనిలో ఈ ఫిర్యాదు వినని వారం ఉండదు. ఏ ఐ7 అని అడిగితే అవతల మాట ఉండదు. చాలామందికి ఆ పేరు తప్ప ఇంకేమీ చెప్పి ఉండరు మరి.

అపోహ: ఐ7 అంటే ఐ3 కన్నా, ఐ5 కన్నా ఎప్పుడూ గొప్పదే.

కాదు. తక్కువ బడ్జెట్ వాళ్ల డబ్బు అన్నిటికన్నా ఎక్కువగా పోయేది ఇక్కడే. ఇంటెల్ ప్రాసెసర్ల మీద ఉండే ఐ7 అనే పేరు ఆ తరం ప్రాసెసర్లలో దాని స్థానం ఏమిటో చెప్తుంది, అంతే. అసలు సంగతి గీత తర్వాత ఉన్న నంబర్‌లో ఉంటుంది. కోర్లంటే ప్రాసెసర్‌లో పనిచేసే భాగాలు, థ్రెడ్లంటే అవి ఒకేసారి నడిపే పనుల వరసలు. ఐ7-2600 వచ్చింది 2011లో. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. 2022లో వచ్చిన ఐ3-12100ఎఫ్‌కీ అవే నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. కానీ ఒక్కో కోర్ చేసే పనిలో రెండింటికీ పొంతనే లేదు. ఆ ఐ3 చాలా గేముల్లో 2017 నాటి ఐ7-7700కెని కూడా దాటేస్తుంది. అయినా "ఐ7 గేమింగ్ పీసీ" అని బోర్డు పెట్టి పదేళ్ల నాటి ప్రాసెసర్‌ని కొత్త క్యాబినెట్‌లో, నాలుగు రంగుల ఫ్యాన్ల మధ్య పెట్టి అమ్మేవాళ్లకు కొదవ లేదు. పూర్తి మోడల్ నంబర్ చెప్పమంటే మాట దాటేసే చోట కొనకండి.

సరే, కొత్త తరం ఐ7 కొన్నారనుకుందాం. బడ్జెట్‌లో పెద్ద ముక్క దానికే పోతే గ్రాఫిక్స్ కార్డ్‌కు మిగిలేది చిల్లర. తెర మీద బొమ్మ గీసేది కార్డ్. కాబట్టి ముందు కార్డ్ ఏదో తేల్చుకుని, దానికి సరిపడే ప్రాసెసర్‌కు రావాలి. గేముల కోసమే కొంటుంటే మొత్తం ఖర్చులో మూడో వంతు నుంచి సగం దాకా కార్డ్‌కే పోయినా నేను తప్పు పట్టను. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ లాంటివాటిలో ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెర మీద మారే బొమ్మల సంఖ్య) బాగా ఎక్కువ కావాలనుకునేవాళ్లకు ప్రాసెసర్ ప్రాధాన్యం పెరుగుతుంది, నిజమే. అక్కడ కూడా కొత్త తరం ఐ5, ఏఎండీ వాళ్ల రైజెన్ 5 హాయిగా సరిపోతాయి.

ఒకసారి ఓ తండ్రీ కొడుకూ సెకండ్ హ్యాండ్ టవర్ ఒకటి మోసుకొచ్చారు. ఐ7-4770, పక్కన "4 జీబీ గ్రాఫిక్స్" అని స్టిక్కర్. కుర్రాడు తలెత్తడం లేదు, కొనమని పట్టుబట్టింది తనే కాబోలు. "ఇంకా పెద్ద ప్రాసెసర్ వేయిస్తే సరిపోతుందా?" అన్నాడు తండ్రి. సైడ్ ప్యానెల్ తీస్తే లోపల అరచేయంత జీటీ 730 గ్రాఫిక్స్ కార్డ్. గేమ్ నడుపుతూ టాస్క్ మేనేజర్ తెరిచాను. కార్డ్ 99 శాతం దగ్గర అతుక్కుపోయింది, ఐ7 తీరిగ్గా ఉంది. రెజల్యూషన్ 1080 నుంచి 720కి దించగానే ఎఫ్‌పీఎస్ ఎగబాకింది. ఈ పరీక్ష మీరూ ఇంట్లో చేసుకోవచ్చు: రెజల్యూషన్ దించితే ఎఫ్‌పీఎస్ పెరిగిందంటే ఆపుతున్నది కార్డ్. కదలకపోతే ప్రాసెసర్ వైపు చూడండి. వాళ్లకు ప్రాసెసర్ మార్చలేదు. అదే 4 జీబీ ఉన్న సెకండ్ హ్యాండ్ జీటీఎక్స్ 1650 కార్డ్ వేశాం, పాత ఎస్‌ఎంపీఎస్ (పార్టులకు కరెంటు ఇచ్చే పెట్టె) మీదే నడిచింది. ఆ కుర్రాడు అప్పుడు తలెత్తాడు.

రెండూ 4 జీబీయే కదా, తేడా ఎక్కడ? వాళ్ల 730లో ఉన్నది 64 బిట్ డీడీఆర్3 మెమరీ, సెకనుకు 14.4 జీబీ డేటా కదిలిస్తుంది. జీడీడీఆర్5 మెమరీ ఉన్న 1650 కదిలించేది 128 జీబీ. చిప్ కూడా పూర్తిగా వేరే. జీబీ చూసి కార్డ్ కొనడం, ట్యాంక్ సైజు చూసి బైక్ కొనడం లాంటిది. ఆర్‌టీఎక్స్ 3060 అనే ఒకే పేరు మీద 12 జీబీ రకం 192 బిట్ బస్ (మెమరీ డేటా వెళ్లే దారి వెడల్పు)తో వస్తే, 8 జీబీ రకం 128 బిట్‌తోనే వచ్చింది. కాబట్టి పేరు ఒక్కటే చదివి ఆగకండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఎస్‌ఎంపీఎస్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న వాట్లు నమ్మకండి. లేబుల్‌లో 12 వోల్ట్ లైన్ ఎన్ని ఆంపియర్లో చూసి 12తో హెచ్చవేయండి, కార్డ్‌కూ ప్రాసెసర్‌కూ దక్కేది అదే. పెద్ద వాట్ల ఎస్‌ఎంపీఎస్ పెడితే కరెంటు బిల్లు పెరుగుతుందనేది వట్టి పుకారు. అవసరమైనంతే లాగుతుంది. "80 ప్లస్" అన్నది కరెంటు ఎంత వృథా కాదో చెప్పే గుర్తు, నాణ్యతకు పూర్తి హామీ కాదు. ఎన్‌వీఎంఈ (వేగంగా ఉండే ఎస్‌ఎస్‌డీ రకం) వేస్తే ఎఫ్‌పీఎస్ పెరుగుతుందా? పెరగదు, లోడింగ్ తగ్గుతుంది. ఐ3, ఐ5 స్థాయికి లిక్విడ్ కూలర్ దండగ. ర్యామ్ ఒక 16 జీబీ కన్నా రెండు 8 జీబీలు మేలు, బయోస్‌లో (మదర్‌బోర్డ్ సెట్టింగ్స్‌లో) ఎక్స్‌ఎంపీ అనే ర్యామ్ స్పీడ్ సెట్టింగ్ ఆన్ చేయకపోతే పెట్టెమీద రాసిన స్పీడ్ రాదు. బాటిల్‌నెక్ (ఒక పార్ట్ ఇంకోదాన్ని ఆపడం) శాతాలు లెక్కగట్టే వెబ్‌సైట్లను పట్టించుకోకండి. ఏ గేమ్, ఏ రెజల్యూషన్ అన్నదాన్ని బట్టి ఆ శాతం మారిపోతుంది.

భయపడేవాళ్లకు ఒక మాట. కార్డ్ వాడకం 99 శాతం చూపిస్తే కాలిపోతోందని కాదు, మీరు కొన్నదంతా పనిచేస్తోందని. రైజెన్ 7000 వరసలో చాలా ప్రాసెసర్లు బరువు పని పడితే 95 డిగ్రీల దాకా వెళ్లేలాగే తయారయ్యాయి. బిగించేటప్పుడు ఏదో విరిగిపోతుందన్న దిగులు కూడా అక్కర్లేదు. ర్యామ్ కాస్త గట్టిగా నొక్కితేనే కూర్చుంటుంది. చెయ్యి తేలిగ్గా ఉండాల్సింది ప్రాసెసర్ సాకెట్ దగ్గరే, ఆ పిన్నులు వంగితే కష్టం.

చివర్లో ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో సొంత గ్రాఫిక్స్ పనిచేయవు. హెచ్‌డీఎంఐ కేబుల్ మదర్‌బోర్డ్ పోర్ట్‌లో పెట్టి, తెర నల్లగా ఉందని బోర్డ్ వెనక్కి ఇచ్చేద్దామనుకునేవాళ్లు తరచూ ఫోన్ చేస్తుంటారు. ఆ కేబుల్ తీసి కింద ఉన్న కార్డ్ పోర్ట్‌లో పెట్టండి.