తాలూకాఫీసు కూలడం మొదలైంది 1985లో

మళ్లీ మొదలైంది. పాత తాలూకా కచేరీని పడగొట్టి ఆ జాగాలో అన్ని ఆఫీసులూ ఒక్కచోట ఉండేలా కొత్త బిల్డింగు కట్టాలని కొందరు, దాని మీద గునపం పడితే ఊరుకోం అని ఇంకొందరు. ఊరి పేరు రాయను, ఎందుకంటే నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఒకప్పుడు తాలూకా కేంద్రంగా ఉన్న ఏ ఊళ్లో అడిగినా కాస్త అటూ ఇటూగా ఇదే గొడవ వినిపిస్తుంది, మా ఊరిది ఈ వారం వాట్సాప్ గ్రూపుల్లోకి ఎక్కింది, అంతే తేడా. నిన్న సాయంత్రం ఫోన్ చేసి నేపథ్యం రాసివ్వమన్నారు. రాత్రికల్లా కావాలట.

1801లో ఆర్కాటు నవాబు నుంచి నెల్లూరు సీమ ఈస్టిండియా కుంపిణీ చేతికి రావడం, కలెక్టర్లు దిగడం, తాలూకాలు ఏర్పడటం, కచేరీలు లేవడం, ఇదంతా అందరికీ తెలిసిన కథే, దాన్ని ఇక్కడ మళ్లీ చెప్పను. ఏ దొర కట్టించాడు, ఏ సంవత్సరం అన్న దాని మీదే ఇప్పుడు సగం వాదన నడుస్తోంది గానీ, ఈ తగవుకి దానితో పెద్ద పని లేదు. నన్నడిగితే చూడాల్సింది 1985 మే నెల.

ఆ నెలలో ఎన్టీఆర్ ప్రభుత్వం తాలూకాలు తీసేసి మండలాలు పెట్టింది. రాష్ట్రంలో మూడొందల చిల్లర తాలూకాలు వెయ్యికి పైగా మండలాలయ్యాయి. జనానికి ఆఫీసు దగ్గరైంది, అందులో అనుమానం లేదు. బస్సులో రెండు గంటలు కూర్చుని తాలూకాకి వచ్చి, సంతకం పెట్టే ఆయన క్యాంపుకి వెళ్లాడని తెలిసి, రాత్రి బస్టాండులో పడుకుని పొద్దున్నే మళ్లీ కచేరీకి పోయే బాధ తప్పింది. కాకపోతే రాత్రికి రాత్రి అన్ని వందల కొత్త ఆఫీసులకి కప్పు ఎక్కణ్నుంచి వస్తుంది? అద్దె ఇళ్లలో పెట్టారు, బడి గదుల్లో పెట్టారు, సత్రాల్లో పెట్టారు. తర్వాత ఒకే నమూనాలో చిన్న చిన్న కాంక్రీటు డబ్బాలు లేచాయి, ముందు నాలుగడుగుల వరండా, వెనక రెండు గదులు, పైన వేసవిలో పెనంలా కాలే స్లాబు.

పాత కచేరీ సంగతి ఎవరికీ పట్టలేదు. అది ఒక మండలానికి సరిపోయే ఆఫీసు కాదు. మా ఊళ్లో దాని లోపల ఏమేం ఉండేవో చెబితే అర్థమవుతుంది. మధ్యలో తాసీల్దారు హాలు, ఆయనకి మేజిస్ట్రేటు అధికారాలు కూడా ఉన్న రోజుల్లో కట్టింది కాబట్టి అందులో ఒక మూల బోను కూడా ఉండేది. ఎడమ వైపు సబ్ ట్రెజరీ, కిటికీలకి బొటనవేలంత మందం ఇనపచువ్వలు, గుమ్మం దగ్గర తుపాకీతో గార్డు, గంటగంటకీ గంట కొట్టేవాడు, ఆ గంట విని మా నాయనమ్మ పొయ్యి వెలిగించేదట. దాని వెనక సబ్ జైలు. ఇటు చివర రికార్డు గది. మూడు వైపులా పదడుగుల వసారా. ఏటా శిస్తు లెక్కలు తేల్చే జమాబందీ రోజుల్లో ఆ వసారా తిరునాళ్లలా ఉండేదని పెద్దవాళ్లు చెబుతారు, కరణాలు కవిలెకట్టలు పట్టుకుని ఒక పక్క, రైతులు ఇంకో పక్క, అర్జీలు రాసేవాళ్లు వేపచెట్టు కింద.

(వసారా అందరిదీ అని ఇప్పుడు రాస్తున్నవాళ్లకి ఒక మాట. కొన్ని కులాల వాళ్లు ఆ మెట్లు ఎక్కకుండా చెట్టు కిందే నిలబడి పేరు పిలిచేదాకా ఎదురుచూసిన రోజులూ ఉన్నాయి. కచేరీని కాపాడాలనడానికి దాన్ని గుడి చేయక్కర్లేదు.)

మండలాలు వచ్చాక తాలూకా నాలుగైదు ముక్కలైంది. మా ఊరికి ఒక ముక్క మిగిలింది, దానికొక ఎమ్మార్వో. ఆయనకి హాలు చాలు. ట్రెజరీ వాళ్లు కొన్నేళ్లకి వేరే చోటికి పోయారు, జైలు మూతపడింది, బోను విరిగి ఎవరి పొయ్యిలోకో వెళ్లింది. మూడు వంతుల బిల్డింగుకి తాళం. ఇల్లయినా, ఆఫీసయినా, మనిషి మసలని గది ముందు పాడవుతుంది.

అదే సమయంలో ఇంకోటి జరిగింది, దీన్ని ఎవరూ చెప్పరు. 1984 జనవరిలో కరణం, మునసబు వ్యవస్థ రద్దయింది. తరతరాలుగా కరణాల ఇళ్లలో ఉన్న లెక్కలు, అడంగళ్లు, పటాలు గోతాల్లో కట్టి తాలూకాఫీసులకి తెచ్చి పడేశారు. రికార్డు గది నిండింది, నిండాక జైలు గదుల్లో పెట్టారు. ఏడాదిన్నర తిరక్కముందే తాలూకాయే పోయింది. అంటే ఊళ్లన్నిటి భూమి లెక్కలూ ఒక చోటికి చేరిన మరుక్షణం ఆ చోటుకి యజమాని లేకుండా పోయాడు. ఏ ఊరి కట్ట ఏ మండలానికి వెళ్లాలో విడదీసి పంపించారు గానీ, వెళ్లినవెన్నో, ఇక్కడే ఉండిపోయినవెన్నో మీరే వెళ్లి చూడండి. నేను పోయినేడు చూశాను. జైలు గదిలో నేల మీద మోకాలెత్తు కట్టలు, ఎర్రగుడ్డ రంగు వెలిసి ఇటుకరంగుకి తిరిగింది, పైన చీటీ మీద నల్లసిరాతో ఊరి పేరు, ఆ ఊరు ఇప్పుడు వేరే మండలంలో ఉంది. ఒక కట్ట ఎత్తితే అడుగున చెదపురుగులు చేసిన మట్టి, కట్ట తేలిగ్గా వచ్చేసింది, లోపల కాగితం లేదు.

పడగొట్టాలనేవాళ్ల మాట కూడా చెప్పాలి కదా. ఇంజినీర్లు పరిశీలించి శిథిలమైందని రాశారు, వర్షానికి కురుస్తోంది, వైరింగు ప్రమాదం, ఆడవాళ్లకి బాత్రూము లేదు, నడవలేని వాళ్లకి ర్యాంపు లేదు, కంప్యూటర్లకి అనువుగా లేదు. ఇవేవీ అబద్ధాలు కావు.

కానీ శిథిలం ఎలా అయిందో ఆ కాగితంలో ఉండదు. ఈ గోడలు రెండడుగుల మందం, ఇటుక, గానుగ సున్నం. ఎద్దుల గానుగలో సున్నం, ఇసుక కలిపి నూరి, కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం కలిపి వాడేవారు. కప్పు మద్రాస్ టెర్రస్, అంటే టేకు దూలాలు, వాటి మీద పలచటి ఇటుకల్ని నిలువుగా, ఏటవాలు వరసల్లో సున్నంతో బిగించి, పైన ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు వేసి కొట్టి, ఆ పైన పెంకులు పరుస్తారు. ఇలాంటి గోడకి నేల నుంచి చెమ్మ ఎక్కుతుంది, సున్నం గుల్లగా ఉంటుంది కాబట్టి ఎక్కిన చెమ్మ ఆరిపోతుంది. ఏటా వెల్ల వేయడం అందం కోసమే అనుకుంటాం గానీ గోడకి అదే వైద్యం. తాలూకా పోయాక ఆ వెల్ల ఆగింది. కొన్నేళ్లకి నిధులేవో వచ్చి, ఉన్న డబ్బుకి తొందరగా పని కనబడాలని గోడలకి సిమెంటు ప్లాస్టరింగు చేసి పైన పెయింటు కొట్టారు. చెమ్మ బయటికి వచ్చే దారి మూసుకుపోయింది, లోపలే ఉండి ఉప్పు పట్టించింది, రెండు మూడు వానాకాలాలకే అరచేతులంత పెచ్చులు ఊడటం మొదలైంది. ఊడినచోట మళ్లీ సిమెంటే. కప్పు కురుస్తుంటే పైన ఇంకో వరస కాంక్రీటు పోశారు, ఆ బరువంతా టేకు దూలాల మీద పడింది, గోడలో దూరిన దూలం కొసలు చెమ్మకి పుచ్చిపోయాయి. పిట్టగోడ మీద రావిమొక్క మొలిస్తే దాన్ని కోశారు తప్ప వేరు తీయలేదు. వసారాకి ఒక పక్క గోడ కట్టి జెరాక్సు గది చేశారు, దాంతో హాల్లోకి వచ్చే గాలి పోయి, ఏసీ కావాలన్నారు.

అంటే ఇప్పుడు శిథిలం అంటున్నదాంట్లో నూరేళ్ల వయసు వల్ల వచ్చింది ఎంత, గడిచిన నలభై ఏళ్ల రిపేర్ల వల్ల వచ్చింది ఎంత? ఈ ప్రశ్న ఇంజినీర్లని అడగడం అన్యాయమని కూడా తెలుసు. గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీ టెండరు వేయడు, టెండరు వేసే కాంట్రాక్టరుకి గానుగ సున్నం తెలియదు. కొత్త బిల్డింగుకి పైసలు తేవడం తేలిక, పాతదాని రిపేరుకి ఎవరూ శిలాఫలకం వేయించుకోరు.

నెల్లూరులో రేబాల లక్ష్మీనరసారెడ్డి పురమందిరం ఉంది, జనం నోట్లో టౌన్‌హాలు. దాత కట్టించింది, ప్రభుత్వ ఆఫీసు కాదు, కాబట్టి పోలిక పూర్తిగా కుదరదు. అయినా సభలు, నాటకాలు, సాహిత్య గోష్ఠులు జరుగుతూ ఉండటం వల్ల ఊరికి దానితో పని ఉంది, పని ఉంది కాబట్టి దాని బాగోగులు అడిగేవాళ్లూ ఉన్నారు. కచేరీలకి ఆ పని 1985లో తప్పిపోయింది.

ఇక జిల్లాల గొడవ దీనిలోకి ఎందుకు వచ్చిందంటే, సమీకృత భవనం కావాలనేవాళ్ల పెద్ద వాదన అదే, జిల్లాలు మారుతున్నాయి, రేపు మన ఊరికి ఇంకా పెద్ద ఆఫీసు రావొచ్చు, జాగా సిద్ధంగా ఉండాలి అని. ఇదే చరిత్రని ఇంకో వైపు నుంచి చూడండి. 1904లో గుంటూరు జిల్లా పెట్టినప్పుడు ఒంగోలు తాలూకాని నెల్లూరు నుంచి తీసి అందులో కలిపారు. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా వచ్చింది, నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి వైపు, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు వైపు, గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి వైపు తెచ్చి అతికించారు, 1972లో ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న మళ్లీ విడగొట్టారు, చీరాల, అద్దంకి బాపట్ల జిల్లాకి, కందుకూరు నెల్లూరుకి. ఆ గీతల గొడవ అంతటితోనూ ఆగలేదు. ఇన్నిసార్లు జిల్లా గీతలు జరిగినా రైతుకి తన పాత కాగితం కోసం వెళ్లాల్సిన ఇల్లు ఒక్కటే ఉంది, తాలూకా కచేరీ రికార్డు గది. 2020 చివర్లో భూముల రీసర్వే మొదలయ్యాక, కొత్త కొలతకి పాత పటానికి తేడా వచ్చిన ప్రతి ఒక్కరూ డైగ్లాట్ (పాత సర్వే రిజిస్టరు) ఎక్కడ, ఎఫ్ఎంబీ (పొలం కొలతల పుస్తకం) ఎక్కడ అని తిరిగింది ఆ గది చుట్టూనే.

కొత్త బిల్డింగు బొమ్మ కాంపౌండు గేటుకి ఫ్లెక్సీ వేసి కట్టారు. ముందంతా అద్దాలు, పోర్టికో, నేలకి చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు, నల్లరాయిలో బంగారు మెరుపులు, చూడటానికి బాగుంటుంది, వానాకాలం తడికాళ్లతో వచ్చే ముసలాళ్లకి మాత్రం కష్టం. సోమవారం అర్జీలకి వచ్చే జనం ఎక్కడ కూర్చుంటారని వెతికితే లిఫ్టు పక్కన చిన్న గడి కనబడింది, నాలుగు కుర్చీలు గీశారు. రికార్డు గది ఎక్కడా లేదు. అడిగితే అన్నీ స్కాన్ చేసేస్తామన్నారు. జైలు గదిలో నేను ఎత్తిన కట్టని ఏం స్కాన్ చేస్తారో.

ఇప్పుడు ఫైలు ఆగింది ఈ వాదనల వల్ల కాదు. పడగొట్టాలంటే ముందు ఆ జాగా ఎవరిదో తేలాలి. సర్వే నంబరు ఎదురుగా పాత రిజిస్టరులో తాలూకా కచేరీ పోరంబోకు అని ఉంది. తాలూకా లేదు. ట్రెజరీ వాళ్లు ఎడమ భాగం తమదంటున్నారు, జైళ్ల శాఖ నుంచి వెనక భాగానికి ఒక లెటరు వచ్చింది, రెవెన్యూ వాళ్లు మొత్తం తమదంటున్నారు. హద్దులు తేల్చడానికి పాత పటం కావాలని మూడు శాఖలూ ఒకే మాట రాశాయి, ఆ పటం జైలు గదిలో కట్టల్లోనే ఎక్కడో ఉండాలట, వెతకమని ఇద్దరు వీఆర్ఏలకి పురమాయించారు.