‘మాటలు డబ్బింగ్‌లో చూసుకుందాం’: చిన్న సినిమాల సౌండ్‌పై అపోహలు, వాస్తవాలు

“అన్నా, మాది ఇంట్లో జరిగే చిన్న కామెడీ, ఫైట్లు, పాటలు లేవు, మాటలు డబ్బింగ్‌లో చూసుకుంటాం” అని ఏటా నలుగురైదుగురు కొత్త దర్శకులు సౌండ్ రికార్డిస్టునైన నాకు ఫోన్‌లో చెబుతుంటారు. ఫైట్లు, పాటలు ఉన్న సినిమాకైతే ఆ మాట కొంత చెల్లుతుంది. ఉద్యోగం మానేసిన కొడుకు, వాడితో నేరుగా మాట్లాడక భార్య చేత చెప్పించే తండ్రి, కూరగాయలు తరుగుతూ తనలో తాను గొణుక్కునే తల్లి ఉన్న కథకు మాత్రం అది పెద్ద దెబ్బ.

అపోహ: సింక్ సౌండ్ (షూటింగ్‌లో నటులు మాట్లాడుతుండగానే రికార్డు చేసి వాడుకోవడం) పెద్ద నిర్మాతలకే సాధ్యం, చిన్న సినిమాకు డబ్బింగే చవక.

వాస్తవం: 2016లో వచ్చిన ‘పెళ్ళి చూపులు’ చిన్న బడ్జెట్‌లో, సింక్ సౌండ్‌తో తీసిన సినిమా. తలుపు ఇరుక్కుపోయిన గదిలో హీరో హీరోయిన్లు మాట్లాడుకునే ఘట్టంలో నవ్వు ఎంతవరకు మాటల్లో ఉందో, ఎంతవరకు మాటకూ మాటకూ మధ్య తడబాటులో ఉందో గమనించండి. ఆ సినిమా సంభాషణలకే దర్శకుడు తరుణ్ భాస్కర్‌కు 64వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో అవార్డు వచ్చింది. ఇక చవక సంగతి: డబ్బింగ్ కోసం గైడ్ ట్రాక్ (షూటింగ్‌లో గుర్తు కోసం రికార్డు చేసిన సౌండ్) తీసేయగానే మాటతో పాటు కుర్చీ జరిపిన చప్పుడు, గ్లాసు పెట్టిన చప్పుడు కూడా పోతాయి కాబట్టి స్టూడియో అద్దె మీద ఫోలీ, అంటే ఆ చప్పుళ్ళను మళ్ళీ చేసి రికార్డు చేసే పని, దాని ఖర్చు వచ్చి పడుతుంది.

కొన్నేళ్ళ క్రితం ఒక బృందం నా పద్దెనిమిది రోజుల కూలీ మిగుల్చుకుని, చివరికి డబ్బింగ్‌కు సాయంగా నన్నే పిలిచింది. తండ్రి వేషం వేసినాయన రిటైరైన బడిపంతులు, అంతకుముందు ఎన్నడూ నటించలేదు. కొడుకు “ఉద్యోగం మానేశాను నాన్నా” అన్నప్పుడు ఆయన టీని ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి తిరగబోస్తూ “ఊఁ” అంటారు, గైడ్ ట్రాక్‌లో విన్నవాళ్ళందరం నవ్వాం. స్టూడియోలో ఆ ఒక్క “ఊఁ” కోసం పూట గడిచింది. పెదవులకు సరిపోయింది గానీ నవ్వు రాలేదు. ఆయన హెడ్‌ఫోన్స్ తీసి, “అప్పుడు నా చేతిలో టీ ఉంది కదా బాబూ” అన్నారు. టీ తెప్పించాం, అయినా కుదరలేదు. పాత “ఊఁ” వాడుకుందామంటే దాని మీద ఫ్యాను మోత. షాట్‌కు ముందు ఆ ఫ్యాను కట్టేయమని చెప్పేవాడు సెట్‌లో లేడు.

అపోహ: ఎంత మోత ఉన్నా ఏఐ సాఫ్ట్‌వేర్ శుభ్రం చేసేస్తుంది.

వాస్తవం: ఒకే తీరున సాగే ఫ్యాను మోత కొంత తగ్గుతుంది, గట్టిగా తీసేస్తే గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. మాట మీద పడిన కుక్కర్ విజిల్‌ను మాట చెడకుండా తీయడం ఇంకా కష్టం.

అపోహ: సింక్ సౌండ్‌కు లొకేషన్ పూర్తి నిశ్శబ్దంగా ఉండాలి.

వాస్తవం: అక్కర్లేదు, ఆపగలిగిన మోతలు ఆపితే చాలు. ఫ్రిజ్ కట్టేసి కారు తాళాలు అందులోనే పెట్టడం మా వాళ్ళ అలవాటు, వెళ్ళేటప్పుడు మళ్ళీ వేయడం మరిచిపోకుండా. సీను అయ్యాక అందరినీ కదలకుండా ఒక నిమిషం నిలబెట్టి రూమ్ టోన్, అంటే ఎవరూ మాట్లాడనప్పుడు ఆ గదిలో వినిపించే సద్దు, తీసుకుంటే ఎడిటింగ్‌లో అతుకులు వినపడవు.

అప్పు చేసి సినిమా తీస్తున్నవాళ్ళ కంగారు నాకు తెలుసు, అందుకే షూటింగ్ మొత్తానికి పిలవలేకపోయినా లొకేషన్ చూసే రోజైనా రికార్డిస్టును వెంట తీసుకెళ్ళండి. అదీ వీలుకాకపోతే, అడ్వాన్సు ఇచ్చే ముందు సీను తీయబోయే వేళకే ఆ ఇంట్లో గంటసేపు కూర్చుని వినండి, పక్కింటివాళ్ళు బోరు మోటారు ఎప్పుడు వేస్తారో కనుక్కోండి.