ట్రాక్ డే టైర్ల సైజులు: అపోహలు, వాస్తవాలు

ట్రాక్ డే (సొంత బండిని రేసు ట్రాక్ మీద నడిపే రోజు) దగ్గర పడిందంటే మా షాపుకొచ్చే కుర్రాళ్లు ముందు అడిగేది వెనక టైరు వెడల్పే. హైదరాబాద్ నుంచి 600 కిలోమీటర్ల పైచిలుకు బండిని ట్రక్కులో మోసుకెళ్లి, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద అది మాట వినక వాళ్లు దిగాలుపడితే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

అపోహ: “అన్నా, 160 ఎక్కియ్యి, గ్రిప్ మస్తుంటది.”

వాస్తవం: ఏ టైరు పడుతుందో తేల్చేది రిమ్ము. కేటీఎం ఆర్‌సీ 390 బండి వెనక రిమ్ము వెడల్పు 4 అంగుళాలు, దానికి 150/60 (అంటే 150 మిల్లీమీటర్ల వెడల్పు, రెండో అంకె సంగతి కింద చెప్తా) సరిగ్గా కూర్చుంటుంది. 160/60కి తగ్గ రిమ్ము 4.5. 4 మీద కూడా ఎక్కుతుంది, కానీ అంచులు లోపలికి గుంజుకుపోయి టైరు గుండ్రం చెడుతుంది. పైగా టైరు వెడల్పయ్యే కొద్దీ అదే మలుపును అదే వేగంతో తిరగాలంటే బండిని ఇంకాస్త వంచాలి. 250 సీసీ మోటో3 రేసు బండ్ల వెనక రిమ్ము 3.5 అంగుళాలే. మలుపుల్లో వాటి వేగం చూశాక కూడా వెడల్పే గ్రిప్ అంటే నేను ఒప్పుకోను.

అపోహ: సైజులో మొదటి అంకె చూస్తే చాలు.

వాస్తవం: అసలు కథంతా రెండో అంకెలో ఉంది. యమహా ఆర్15 వెనక 140/70 అంటే 140లో 70 శాతం, అంటే సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు 98 మిల్లీమీటర్లు. 150/60 వేస్తే అది 90. వెడల్పు పెంచామనుకుంటాం గానీ బండి వెనక భాగం 8 మిల్లీమీటర్లు దిగిపోతుంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు వెనక్కి వాలి, మలుపులోకి బండి బరువుగా వెళ్తుంది. అదే 150/60 తీసి 160/60 వేస్తే వెనక 6 మిల్లీమీటర్లు లేస్తుంది. బండి చురుగ్గా తిరుగుతుంది, గట్టిగా బ్రేకు వేసినప్పుడు వెనక తేలికవుతుంది. చైనుకూ స్వింగార్మ్‌కూ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) టైరు తగులుతోందేమో చూసుకోవాలి. ముందు చక్రానికి 110/70 బదులు 120/70 అయితే 7 మిల్లీమీటర్లు పైకి, దానికి 3.5 రిమ్ము కావాలి, ఆర్‌సీకి ఉన్నది 3. ఇవన్నీ కాగితం లెక్కలే. ఒకే సైజు రాసున్నా రెండు కంపెనీల టైర్లు ఒకే ఎత్తుండవు, టేపు పెట్టి కొలవండి.

సైజు పెంచడం పనికొచ్చే చోటు లేకపోలేదు. 600 సీసీ బండ్లకు అదే 5.5 రిమ్ము మీద 180/55 బదులు 180/60 వేస్తారు. 9 మిల్లీమీటర్ల ఎత్తు కలిసొస్తుంది, వంచినప్పుడు రోడ్డుకు ఆనే భాగమూ పెరుగుతుంది. అప్పుడు సస్పెన్షన్ కూడా మళ్లీ సెట్ చేయాలి. ఏబీఎస్, ట్రాక్షన్ కంట్రోల్ (వెనక చక్రం జారకుండా చూసేది) రెండు చక్రాల వేగాన్ని పోల్చి పనిచేస్తాయి కాబట్టి ఒక్క చక్రం చుట్టుకొలతే మార్చేస్తే వాటి లెక్క తప్పొచ్చు.

అపోహ: అంచు దాకా అరగలేదంటే టైరు పెద్దదైనట్టే.

వాస్తవం: ఒళ్లు బాగా మలుపు లోపలికి దించి నడిపేవాళ్లకు బండి తక్కువ వంగుతుంది, అంచు మిగులుతుంది. అది తప్పు కాదు.

కొత్తగా ట్రాక్‌కు వెళ్లే తమ్ముళ్లూ, కంపెనీ సైజే ఉంచి అందులో మెత్తటి కాంపౌండ్ (రబ్బరు) తీసుకోండి. మిగిలిన డబ్బుతో గాలి కొలిచే మంచి గేజి కొని, పిట్‌లోకి రాగానే టైరు వేడి మీదుండగానే గాలి చూసుకోండి.