ఆ మూడో నిమిషం ఏమైంది? కేటీ టేలర్ కెరీర్ వెనక ఉన్న పాత పేచీ

2022 ఏప్రిల్ 30 రాత్రి, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్. మనకైతే అప్పటికి ఆదివారం తెల్లారిపోయింది. ఐదో రౌండ్ నడుస్తోంది. ప్యూర్టోరికో బాక్సర్ అమాండా సెరానో ఎడమ చేతి గుద్దులు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. ఐర్లండ్ బాక్సర్ కేటీ టేలర్ ముక్కులోంచి రక్తం కారుతోంది, కాళ్లు తడబడుతున్నాయి, తాళ్ల దగ్గర ఇరుక్కుపోయి ఎలాగోలా నిలబడింది. రిఫరీ ఏ క్షణమైనా మధ్యలోకి వచ్చి ఆపేస్తాడేమో అన్నట్టుంది. అంతలో గంట కొట్టారు. టేలర్ తన మూలకి వెళ్లి స్టూల్ మీద కూలబడింది.

రౌండ్ మొదలై అప్పటికి రెండు నిమిషాలే అయింది. అదే మగవాళ్ల పోటీ అయ్యుంటే ఇంకో నిమిషం మిగిలి ఉండేది.

చివరికి గెలిచింది టేలరే. ఇద్దరు జడ్జీలు 97-93, 96-93 పాయింట్లతో ఆమె వైపు మొగ్గారు, మూడో జడ్జి 96-94తో సెరానోకి ఇచ్చారు. ఆ రోజు హాల్లో 19,187 మంది ఉన్నారు. అంత పేరున్న గార్డెన్‌లో ప్రధాన పోటీగా ఇద్దరు ఆడవాళ్లు తలపడటం అదే మొదటిసారి. ఒక్కొక్కరికి పది లక్షల డాలర్ల పైనే ముట్టింది. ఇంత చరిత్ర జరిగాక కూడా మర్నాటి వాదనలన్నీ తిరిగి తిరిగి అక్కడికే వచ్చాయి: ఐదో రౌండ్లో మూడో నిమిషం ఉండి ఉంటే?

ఆ నిమిషం ఎందుకు లేదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మూడు నిమిషాలు కొట్లాట, ఒక నిమిషం విశ్రాంతి అనే లెక్క 1867లో ఇంగ్లండ్‌లో అచ్చైన క్వీన్స్‌బెరీ నియమాలది. మగవాళ్ల బాక్సింగ్ ఇప్పటికీ ఆ గడియారం మీదే నడుస్తోంది. ఆడవాళ్ల సంగతి వేరు. చాలా దేశాల్లో వాళ్లకి గడియారం సంగతి తర్వాత, అసలు రింగ్‌లోకే రానివ్వలేదు. బ్రిటన్‌లో జేన్ కౌచ్ అనే ఆమె విదేశాల్లో ప్రపంచ టైటిల్ గెలిచి వచ్చాక కూడా అక్కడి బాక్సింగ్ బోర్డు లైసెన్సు ఇవ్వనంది. బోర్డు చెప్పిన కారణాల్లో ఒకటి నెలసరి. ఆ రోజుల్లో ఆడవాళ్ల మనసు నిలకడగా ఉండదట! కౌచ్ ట్రిబ్యునల్‌కి వెళ్లి 1998లో కేసు గెలిచింది. అంటే ఇదంతా మన అమ్మమ్మల కాలం ముచ్చట కాదు. మన ఇళ్లలోకి కేబుల్ టీవీ వచ్చేసిన తర్వాతి సంగతి.

ఐర్లండ్‌దీ అదే తీరు. ద్రోఘెడా ఊరికి చెందిన డీర్‌డ్రా గోగర్టీకి సొంత దేశంలో బాక్సింగ్ చేసే దారి లేక అమెరికాలో లూసియానాకి వెళ్లిపోయింది. 1996 మార్చి 16న లాస్ వేగస్‌లో మైక్ టైసన్, ఫ్రాంక్ బ్రూనో పోటీకి ముందు అమెరికా బాక్సర్ క్రిస్టీ మార్టిన్‌తో ఆరు రౌండ్లు ఆడింది. ఓడిపోయింది గానీ మార్టిన్ ముక్కులోంచి రక్తం కారేలా కొట్టింది. ఆ రక్తం చారలతోనే మార్టిన్ రాత్రికి రాత్రి స్టార్ అయింది. ఆ పోటీకి మార్టిన్‌కి దక్కింది 15 వేల డాలర్లు, గోగర్టీకి 3 వేలు.

అప్పటికి కేటీ టేలర్‌కి పదేళ్లు కూడా నిండలేదు.

డబ్లిన్‌కి దక్షిణాన సముద్రం ఒడ్డునున్న బ్రే ఊళ్లో 1986 జులై 2న పుట్టింది కేటీ. నాన్న పీట్ స్వయంగా బాక్సర్, అమ్మ బ్రిజెట్ కూడా ఆటలో ఉన్న మనిషే, జడ్జిగా, రిఫరీగా పనిచేసింది. ఇంట్లో అడ్డు చెప్పేవాళ్లు లేరు, అడ్డంతా బయటే. ఆడపిల్లలకి పోటీలే లేవు కాబట్టి చిన్నప్పుడు అబ్బాయిలతోనే ఆడించారు. పట్టికలో 'కె. టేలర్' అని మాత్రం రాయించేవాళ్లు. జుట్టంతా హెడ్‌గార్డ్ లోపలికి దోపేసి రింగ్‌లోకి దిగేది. గెలిచాక హెడ్‌గార్డ్ తీస్తే హాలంతా గుసగుసలు. ఎదుటి కుర్రాడి మొహం ఎలా ఉండేదో మనం ఊహించుకోవాల్సిందే.

2001 అక్టోబర్ 31న డబ్లిన్ నేషనల్ స్టేడియంలో ఐర్లండ్ చరిత్రలో మొదటిసారి అధికారిక అనుమతితో ఆడవాళ్ల పోటీ పెట్టారు. పదిహేనేళ్ల కేటీ, బెల్‌ఫాస్ట్ అమ్మాయి అలానా ఆడ్లీని ఓడించింది. ఆ తర్వాత ఆమె అమెచ్యూర్ జీవితం చాలావరకు పతకాల లెక్కే: 2006 నుంచి 2014 దాకా వరసగా ఐదు ప్రపంచ స్వర్ణాలు, యూరప్ స్థాయిలో ఆరు. మధ్యలో ఐర్లండ్ మహిళల ఫుట్‌బాల్ జట్టుకి కూడా ఆడింది.

ఆ ఐదింటిలో మొదటిది గెలిచింది మన న్యూఢిల్లీలోనే. 2006 ప్రపంచ పోటీల్లో 60 కిలోల స్వర్ణం కేటీది, 46 కిలోల స్వర్ణం మేరీ కోమ్‌ది. రెండేళ్ల తర్వాత చైనాలోని నింగ్‌బోలో కేటీ మళ్లీ గెలిచినప్పుడు, 57 కిలోల్లో మన విశాఖపట్నం అమ్మాయి నగిశెట్టి ఉష వెండి పతకం తెచ్చింది. అప్పట్లో మన పత్రికల్లో ఈ వార్త ఏ మూలన వచ్చిందో వెతుక్కోవాలి.

ఇంత చేసినా ఒలింపిక్స్‌లో చోటు లేదు. ఆడవాళ్ల బాక్సింగ్ ఎలా ఉంటుందో ఒలింపిక్ పెద్దలకి చూపించడానికి ప్రదర్శన పోటీలు పెట్టారు, వాటిలో కేటీని దింపారు. ప్రపంచ చాంపియన్ పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు అన్నమాట. 2009 ఆగస్టులో ఒలింపిక్ కమిటీ ఒప్పుకుంది, కానీ ఇచ్చింది మూడే బరువు విభాగాలు: 51, 60, 75 కిలోలు. మేరీ కోమ్ తన బరువు వదిలేసి పైకి ఎక్కాల్సి వచ్చింది. ఉష పతకం తెచ్చిన 57 కిలోలకి ఆ జాబితాలో చోటే దక్కలేదు. ఇది చాలదన్నట్టు 2011లో అంతర్జాతీయ సమాఖ్య మరో ఆలోచన ముందుకు తెచ్చింది, ఆడవాళ్లు షార్ట్స్ బదులు స్కర్టులు వేసుకుంటే బాగుంటుందని! సరదాగా బయటికెళ్లినప్పుడే పొట్టి స్కర్టు వేసుకోను, రింగ్‌లో ఎందుకు వేసుకుంటానని కేటీ తేల్చిచెప్పింది. చివరికి ఆ సంగతి ఎవరి ఇష్టానికి వాళ్లకి వదిలేశారు.

లండన్‌లో 2012 ఆగస్టు 9న ఫైనల్. ఎదురుగా రష్యాకి చెందిన సోఫియా ఒచిగావా. అప్పటి లెక్క రెండేసి నిమిషాల నాలుగు రౌండ్లు, మొత్తం ఎనిమిది నిమిషాలు. రెండు రౌండ్లయ్యేసరికి కేటీ 3-4తో వెనకబడింది. మూడో రౌండ్లో నాలుగు పాయింట్లు తెచ్చుకుని ఒకటే ఇచ్చింది, 10-8తో గెలిచింది. హాల్లో ఐరిష్ జనం చేసిన గోల గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. అంతకుముందు నటాషా జోనాస్‌తో క్వార్టర్ ఫైనల్లో శబ్దం 113.7 డెసిబెల్స్ దాకా వెళ్లిందని అప్పట్లో లెక్క కట్టారు.

2016 రియో మాత్రం కలిసిరాలేదు. చిన్నప్పటి నుంచీ కోచ్‌గా ఉన్న నాన్నతో అప్పటికే విడిపోయింది. క్వార్టర్ ఫైనల్లోనే ఫిన్లండ్‌కి చెందిన మీరా పోట్కోనెన్ చేతిలో ఓడిపోయింది. ఆ ఏడాది నవంబర్ 26న లండన్‌లో ప్రొఫెషనల్‌గా తొలి పోటీ ఆడింది.

ఇక్కడే నాకు ఎప్పుడూ విచిత్రంగా అనిపించే విషయం ఒకటుంది. కేటీ వదిలి వచ్చిన అమెచ్యూర్ బాక్సింగ్‌లో ఆమె వెళ్లిపోగానే నియమం మారింది. ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకటే లెక్క పెట్టారు, మూడేసి నిమిషాల మూడు రౌండ్లు. 2022లో ఇస్తాంబుల్‌లో మన నిజామాబాద్ నిఖత్ జరీన్ ప్రపంచ చాంపియన్ అయినప్పుడు ఆడింది మూడు నిమిషాల రౌండ్లే. అంతకు మూడు వారాల ముందు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో, పది లక్షల డాలర్ల పోటీలో, కేటీ ఆడింది రెండు నిమిషాల రౌండ్లు. హెడ్‌గార్డ్ పెట్టుకుని ఆడే అమ్మాయిల ఆరోగ్యానికి మూడు నిమిషాలు ఫర్వాలేదు, ఏళ్ల తరబడి డబ్బు తీసుకుని ఆడే చాంపియన్లకి మాత్రం కాదట.

మగవాళ్ల టైటిల్ పోటీ పన్నెండు రౌండ్లు, మూడేసి నిమిషాలు, మొత్తం 36 నిమిషాలు. ఆడవాళ్లది మామూలుగా పది రౌండ్లు, రెండేసి నిమిషాలు, మొత్తం 20. మీరు ఆడేది తక్కువసేపు కదా, డబ్బు కూడా తక్కువే అనడానికి ప్రమోటర్లకి ఈ తేడా బాగా పనికొచ్చింది. నాకౌట్లు తక్కువ, చూడటానికి మజా ఉండదు అనే మాట కూడా దీంతోనే పుట్టింది. ఎదుటివాళ్లు తూలుతున్నారనగానే గంట మోగితే నాకౌట్ ఎక్కడినుంచి వస్తుంది? కేటీ 25 విజయాల్లో నాకౌట్లు ఆరే.

అయితే రెండో వైపు మాట కూడా కొట్టిపారేయలేం. రెండు నిమిషాలే ఉండాలని గట్టిగా పట్టుబట్టింది డబ్ల్యూబీసీ, ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ప్రపంచ టైటిళ్లు ఇచ్చే నాలుగు పెద్ద సంస్థల్లో ఒకటి. ఆడవాళ్లకి తలదెబ్బల ప్రమాదం ఎక్కువనీ, మా డాక్టర్లు అదే చెబుతున్నారనీ దాని వాదన. ఆ సంస్థకి ఒక చరిత్ర ఉంది. 1982 నవంబర్‌లో రే మాన్సినీతో పదిహేను రౌండ్ల పోటీలో పద్నాలుగో రౌండ్లో కుప్పకూలిన కొరియా బాక్సర్ కిమ్ డక్ కూ కొద్ది రోజులకి చనిపోయాడు. మగవాళ్ల టైటిల్ పోటీలని పదిహేను నుంచి పన్నెండు రౌండ్లకి ముందుగా తగ్గించింది డబ్ల్యూబీసీయే. అప్పుడూ జనం తిట్టారు, తర్వాత మిగతా సంస్థలూ అదే దారి పట్టాయి. కాబట్టి వీళ్లకి భద్రత అనేది ఊరికే నోటి మాట అనలేం. నాకు మింగుడుపడనిది ఒక్కటే. మగవాళ్లకి తగ్గించినప్పుడు రౌండ్లు తగ్గించారు, రౌండ్‌లోని నిమిషాలని ముట్టుకోలేదు. ఆడవాళ్లకి వచ్చేసరికి రెండూ కోశారు.

మళ్లీ కేటీ దగ్గరికి వద్దాం. ఏడో పోటీకే, 2017 అక్టోబర్‌లో కార్డిఫ్‌లో, మొదటి ప్రపంచ టైటిల్ బెల్టు. 2019 జూన్ 1న బెల్జియంకి చెందిన డెల్ఫీన్ పెర్సూన్‌ని ఓడించి లైట్‌వెయిట్ విభాగంలో నాలుగు సంస్థల బెల్టులూ సొంతం చేసుకుంది. ఆ రాత్రి కూడా చివరి రౌండ్లలో పెర్సూన్ మీద మీద పడింది, కేటీ మొహం వాచిపోయింది, జడ్జీల కార్డులు 96-94, 96-94, 95-95. గెలిచింది పెర్సూనే అన్నవాళ్లు చాలామంది.

ఆమె పెద్ద పోటీల కార్డులు వరసగా చూస్తే ఇదే తీరు, చాలావరకు కొద్ది తేడాతో తేలినవే. సొంత గడ్డ మీద ప్రొఫెషనల్‌గా ఆడటానికి ఆరేళ్లకి పైగా ఆగాల్సి వచ్చింది. 2016 ఫిబ్రవరిలో డబ్లిన్ రీజెన్సీ హోటల్లో బాక్సర్ల బరువులు చూస్తున్న చోట కాల్పులు జరిగాక అక్కడ పెద్ద పోటీలు పెట్టే ధైర్యం చాలా కాలం ఎవరికీ లేకపోయింది. తీరా 2023 మే 20న డబ్లిన్‌లో దిగితే ఇంగ్లండ్ బాక్సర్ షాంటెల్ కామెరాన్ చేతిలో ఓడిపోయింది: 96-94, 96-94, 95-95. ప్రొఫెషనల్‌గా ఆమెకి అదొక్కటే ఓటమి. నవంబర్‌లో అదే ఊళ్లో, అదే కామెరాన్‌ని ఓడించి రెండో బరువు విభాగంలోనూ నాలుగు బెల్టులూ తీసుకుంది. అప్పుడూ ఒక జడ్జి సమానమనే రాశాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే సెరానో ఇంకో దారి పట్టింది. 2023 అక్టోబర్ 27న ఓర్లాండోలో డనీలా రామోస్‌తో పన్నెండు రౌండ్లు, మూడేసి నిమిషాలు ఆడి గెలిచింది. ఇది మొదటిసారేమీ కాదు, లేలా మెకార్టర్ 2007లోనే లాస్ వేగస్‌లో అలా ఆడింది. కానీ ఇన్ని బెల్టులున్న మనిషి చేయడం వేరు. సెరానోకి మద్దతుగా రెండు డజన్లకి పైగా మహిళా బాక్సర్లు సంతకాలు పెట్టారు. వాళ్లు అడిగింది తప్పనిసరిగా మూడు నిమిషాలు పెట్టమని కాదు, ఎంచుకునే వీలు ఇవ్వమని. డబ్ల్యూబీసీ కుదరదంది. డిసెంబర్‌లో సెరానో ఆ సంస్థ బెల్టుని వదిలేసింది.

2024 నవంబర్ 15న టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో, యూట్యూబ్ నుంచి బాక్సింగ్‌లోకి వచ్చిన జేక్ పాల్, మైక్ టైసన్ తమాషాకి ముందు, కేటీ, సెరానో మళ్లీ కలిశారు. అసలు పోటీ ఇదే, ఆ తర్వాత జరిగింది కాలక్షేపం అని ఆ రాత్రి చూసినవాళ్లు ఒప్పుకుంటారు. తలలు ఢీకొని సెరానో కంటి పైన లోతుగా చీలింది. తలతో కొడుతున్నందుకు ఎనిమిదో రౌండ్లో రిఫరీ కేటీకి ఒక పాయింట్ కోత పెట్టాడు. ఆ కోత పోగా ముగ్గురు జడ్జీలూ 95-94 అనే రాశారు, కేటీకే. మైదానం నిరసన కేకలతో మోగిపోయింది. దాదాపు 5 కోట్ల ఇళ్లలో ఆ పోటీ చూశారని నెట్‌ఫ్లిక్స్ చెప్పింది. కేటీకి 60 లక్షల డాలర్లు ముట్టాయని పత్రికలు రాశాయి. తక్కువసేపు ఆడతారు కాబట్టి తక్కువ డబ్బు అనే పాత వాదన ఆ రోజుతో కాస్త నీరసించింది. నిమిషాలు మాత్రం పెరగలేదు.

మూడోసారి 2025 జులై 11న, మళ్లీ గార్డెన్‌లోనే, మొత్తం ఆడవాళ్ల పోటీలే ఉన్న రాత్రి. ఈసారి కేటీ ఐదో రౌండ్ పాఠం బాగా గుర్తుపెట్టుకుంది. దగ్గరికి వెళ్లలేదు. రెండు గుద్దులు విసిరి పక్కకి తప్పుకోవడం, సెరానో సర్దుకుని మీదికొచ్చేసరికి గంట. 39 ఏళ్ల వయసులో గడియారాన్ని అంత చక్కగా వాడుకున్నవాళ్లని నేను చూడలేదు. 97-93, 97-93, 95-95.

మూడు పోటీలు, ముప్పై రౌండ్లు. మగవాళ్ల లెక్కలో ఇవే మూడు టైటిల్ పోటీలైతే 108 నిమిషాలు. కేటీ, సెరానో కలిసి రింగ్‌లో కొట్టుకున్నది సరిగ్గా ఒక గంట.